కుర్చీలు నింపిన సోమవారం

సర్వకృపానిధియైన దేవునికి స్తోత్రం. ఆకాశపక్షులను ఏ హాజరుపట్టీ లేకుండా పోషించేవాడికి, నా తలవెంట్రుకలన్నీ లెక్కపెట్టి ఉంచినవాడికి (ఆ లెక్క ఈమధ్య ఆయనకు బాగా సులువైపోయింది, అది వేరే సంగతి) మహిమ కలుగుగాక. ఆయన నాకు చేసిన మేళ్ళలో పెద్దది ఏమిటంటే, తానే పంపిన మేలును నేను గుమ్మంలో ఆపి, అనుమానించి, వెనక్కి తరిమేసినా, ఇంకా నన్ను ప్రాణాలతో ఉంచడం. ఆ కథే చెబుతాను. ఇందులో ఒక ఆఫీసు మునుగుతుంది. ముంచేది నేనే. చివర్లో ఎవరైనా రక్షిస్తారేమోనని ఆశ పెట్టుకోకండి.

ఆఫీసు పేరు చెప్పను. వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్ల మధ్య, ఆటో దూరితే మనిషి దూరని సందులో, మేడ మీద ఉండేది. ఉద్యోగాలు లేనివాళ్ళు వచ్చి పేర్లు రాయించుకునే చోటు. ఊరందరికీ కొలువుల దారి చూపించాల్సిన ఆ ఆఫీసులో కొలువులన్నీ ఖాళీ. ఒకాయన రిటైరయ్యాడు, ఆయన కుర్చీ ఉంది. ఒకావిడ బదిలీ అయి వెళ్ళింది, ఆవిడ కుర్చీ ఉంది, కుర్చీలో ఆవిడ దిండు కూడా ఉంది. కంప్యూటర్ కుర్రాడి కాంట్రాక్టు అయిపోయింది, కంప్యూటర్ మాత్రం దుమ్ము కప్పుకుని డ్యూటీలో ఉంది. ఆఫీసరుగారికి ఇంకెక్కడెక్కడో ఇన్‌చార్జి బాధ్యతలు ఇచ్చారు కాబట్టి, ఆయన మాకు ఫోనులోనే దర్శనం. మిగిలింది సీనియర్ అసిస్టెంటు దేవసహాయం, అంటే నేను, మా అటెండరు అప్పన్న.

మొదటి కుర్చీలో దరఖాస్తు తీసుకుని, లేచి రెండో కుర్చీలోకి వెళ్ళి దాన్ని పరిశీలించి, మళ్ళీ లేచి మూడో కుర్చీలో ముద్ర వేసేవాణ్ణి. ఒకరోజు మూడో కుర్చీలో కూర్చుని, మొదటి కుర్చీవాడు పని సరిగ్గా చెయ్యడం లేదని పైకే విసుక్కున్నాను. క్యూలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కష్టం వస్తే విశ్వాసి ఏం చేస్తాడు? ప్రార్థనలో పెడతాడు. మా వీధి చివర రేకుల షెడ్డులో చిన్న సంఘం మాది, నేనే సెక్రటరీని. ప్రతి శుక్రవారం కూడికలో నా ప్రార్థన విన్నపం ఒకటే. "కోత విస్తారంగా ఉంది, కోసేవాళ్ళు లేరు. మా ఆఫీసుకు మనుషుల్ని పంపమని ప్రార్థించండి." సంఘమంతా మోకరించి ఆమేన్ అనేది. ఊరికే అనడం కాదు, కన్నీళ్ళు పెట్టుకునేది. మనుషుల కోసం పైకి అర్జీలు కూడా పెట్టాను. కానీ అర్జీలు కింద నుంచి పైకి వెళ్ళేటప్పటికి నీళ్ళ ఆవిరిలా కనబడకుండా పోతాయి కదా.

ఇక నా శరీరంలో ముల్లు గురించి చెప్పాలి. అనుమానం. శిష్యుడు తోమా అయితే తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెట్టి నమ్మాడు. నేనైతే డాక్టరు సర్టిఫికెట్ కూడా అడిగేవాణ్ణి. పాలవాడు నవ్వితే నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను. నవ్వకపోతే నేను కనిపెట్టేశానని వాడికి తెలిసిపోయిందనుకుంటాను.

అలాంటి నా కళ్ళముందు ఒక శుక్రవారం పొద్దున్న ఒక మనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నలభై దాటిన వయసు, చంకలో గుడ్డసంచి. దరఖాస్తు ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. ఖాళీ కుర్చీల వంక ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. పెళ్ళిచూపుల్లో మగపిల్లవాడి మేనమామ చూసినట్టు చూస్తున్నాడు.

"అప్పన్నా, ఎవరతను?" అన్నాను గుసగుసగా.

"ఉద్యోగం లేనోడే అయ్యుంటాడు సారూ. మరేటి?"

"ఉద్యోగం లేనివాడు అంత తీరిగ్గా కూర్చుంటాడా?"

"తీరుబడి లేకపోతే ఉద్యోగం ఉన్నట్టే గదా సారూ."

"చెప్పులు చూడు. పాలిష్ పెట్టిన చెప్పులు. నిరుద్యోగి చెప్పులా అవి?"

అప్పన్న వంగి చూశాడు. "మరి మీ సెప్పులు సూత్తే ఉద్యోగం ఉన్నోడని ఎవులూ అనరు సారూ" అన్నాడు.

ఆ మనిషి కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చి, "ఇక్కడ ఎంతమంది పనిచేస్తారండీ?" అని అడిగాడు. నా గుండె జారి ఉల్లిపాయల కొట్లో పడింది. "ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఉంటారన్న దాన్ని బట్టి ఉంటుందండీ" అన్నాను. ఆయన నవ్వి, "సోమవారం మళ్ళీ వస్తాను" అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం కూడిక అయ్యాక పాల్ బావతో చెప్పాను. పాల్ బావ మా ఆవిడకు అన్న. ఉక్కునగరంలో క్వార్టర్లో ఉంటాడు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. ఎక్కడ కొత్త ఆఫీసరు నడిచినా ఆ నడకలో ఆయనకు ఒకే ఒక్క మాట వినబడుతుంది. తగ్గింపు.

"అయిపోనాది బావా నీ పని" అన్నాడు. "కుర్సీలు లెక్కెట్టడానికొచ్చినోడు మనుషుల్ని తగ్గించడానికే వత్తాడు. ఖాళీ కుర్సీలు ఇన్నున్నాయంటే ఈ ఆఫీసు అక్కర్లేదు, ఎత్తీమని రాసేత్తాడు. నిన్ను తీసికెళ్ళి ఎక్కడో పడేత్తారు."

"ఎత్తేస్తారా? పని నిండా ఉంది కదా బావా."

"ఏటి బావా, బైబిలు సదివినోడివి. గిద్యోను సైన్యం ఎక్కువైపోనాదని దేవుడే నీళ్ళకాడికి తోలికెళ్ళి తగ్గించీసినాడు. గవర్నమెంటు ఊరుకుంతాదేటి?"

 మీరు నన్ను అర్థం చేసుకోవాలి. నా ఇల్లు ఆ ఆఫీసుకు పక్క సందులో. నా సంఘం ఆ వీధి చివర. నా మధ్యాహ్నం భోజనం మా ఆవిడ చేతి వేడి అన్నం. ఆ సీటు పోతే నా బతుకంతా ఒకేసారి లారీ ఎక్కాలి.

సరిగ్గా అప్పుడే నాలో సంఘం సెక్రటరీ నిద్రలేచాడు. ఇక్కడ మా పద్ధతి ఒకటి మీకు చెప్పాలి, బయట చెప్పకండి. మా సంఘాన్ని చూడడానికి పెద్ద అయ్యగారు, అంటే పాస్టర్లందరి మీద పెద్ద, వస్తున్నారంటే బెంచీలు ఖాళీగా ఉంటే బాగుండదని గాజువాక సంఘం వాళ్ళను పిలుచుకుంటాం. వాళ్ళకు అయ్యగారు వస్తే మేం వెళ్ళి వాళ్ళ బెంచీలు నింపుతాం. అయ్యగారు అన్నిచోట్లా అవే మొహాలు చూసి, అన్నిచోట్లా ఉజ్జీవం వచ్చిందని, భక్తి పొంగిందని సంతోషిస్తారు. దీన్ని మేం మోసం అనం, సహవాసం అంటాం.

బెంచీలు నింపగా లేనిది కుర్చీలు నింపలేమా? ప్రభువు చెప్పిన కథలో, పిలిచినవాళ్ళు విందుకు రాకపోతే ఆ ఇంటి యజమాని ఏం చేశాడు? వీధుల్లోకి మనిషిని పంపి, దొరికినవాళ్ళను లోపలికి తెచ్చి, ఇల్లు నింపాడు. నాకు వాక్యాధారం కూడా దొరికింది. తప్పు చెయ్యబోయేవాడికి దొరికినంత త్వరగా వాక్యం ఇంకెవరికీ దొరకదు.

ముందుగా మార్తమ్మత్తను అడిగాను. హార్బర్ దగ్గర చేపలమ్ముతుంది. మా సంఘంలో ఆవిడ సాక్ష్యం చెబితే మైకు అక్కర్లేదు.

"నాను గవర్నమెంటు ఉద్యోగం సెయ్యాలేటి?" అంది.

"కాసేపు కూర్చుంటే చాలత్తా. ఆయన చూసి వెళ్ళిపోతాడు."

"జీతం?"

"పరలోకంలో."

"అక్కడికెల్లే బస్సు నాకింకా రాలేదు గానీ, టీ అయినా ఇప్పిత్తావా?"

సోమవారం వచ్చింది. పాల్ బావకు ఆ వారం రాత్రి షిఫ్టు, అందుకని పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. దానికి కరెంటు లేదన్న సంగతి మేమిద్దరం పట్టించుకోలేదు. పోర్టులో చేసి రిటైరైన సామ్యేలు తాత, రిటైరైనాయన కుర్చీలో కూర్చున్నాడు, కూర్చున్న వెంటనే నిద్రపోయాడు. మార్తమ్మత్త ఆదివారం చీర కట్టుకుని దిండున్న కుర్చీలో కూర్చుంది. తోడుగా తన ఆడపడుచును తెచ్చింది. శుక్రవారం కూడికకు రమ్మంటే మోకాళ్ళ నొప్పులనే ఆడపడుచు, మేడమెట్లెక్కి వచ్చి, ఇంకో కుర్చీ లేకపోయేసరికి నా కుర్చీలో కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పింది.

తలుపు తీశాం. క్యూ లోపలికి వచ్చింది. మార్తమ్మత్తను ఊరికే కూర్చోమన్నాను కానీ, ఎదురుగా మనుషులుంటే ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంట్లో లేదు.

"నీ పేరేటమ్మా?"

"గౌరి అండి."

"ఏటి సదివినావు?"

"డిగ్రీ అండి."

"డిగ్రీ సదివి ఇంత సన్నంగా ఉన్నావేటి? పొద్దున్న తిన్నావా నేదా? వదినా, ఆ ఇడ్లీ ఒకటి ఇటీ."

నేను అటూ ఇటూ తిరుగుతూ, మార్తమ్మత్తకు సైగలు చేస్తూ, తాత గురక పైకి రాకుండా మధ్యమధ్య ఆయన భుజం తడుతూ ఉండగా ఆ మనిషి వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"శుక్రవారం వీళ్ళెవరూ లేరే" అన్నాడు.

"ఔట్‌సోర్సింగ్ సార్" అన్నాను. ఈ రోజుల్లో ఆ ఒక్క మాట అంటే ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆయన తల ఊపాడు. సామ్యేలు తాత దగ్గర ఆగి, ఆయన నోరు తెరిచి నిద్రపోవడం కాసేపు గమనించి, "ఈయన మాత్రం రెగ్యులర్ అయ్యుంటారు" అన్నాడు. నేను కాదనలేదు. అందరిలోకీ సహజంగా నటించింది తాతే.

"మీరు?"

"సీనియర్ అసిస్టెంటును సార్."

"మీ సీటు ఏది?"

చూశాను. నా సీట్లో ఆడపడుచు చట్నీ నాకుతోంది. "నాకు ప్రత్యేకంగా సీటంటూ లేదు సార్. అందరినీ చూసుకుంటూ ఉంటాను" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "చాలా సంతోషమండీ. నా పని సులువు చేశారు. నిజం చెప్పేస్తాను, నేను పై ఆఫీసు నుంచి వచ్చాను. ఇక్కడ మనుషులే లేరని మీ దగ్గర్నుంచే అర్జీలు వచ్చాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలున్నారు, వాళ్ళలో ఇద్దర్ని ఇక్కడ వేద్దామని చూడ్డానికి వచ్చాను. శుక్రవారం చూసి జాలేసింది కూడా. రాసే ముందు ఎందుకైనా మంచిదని ఇంకోసారి వచ్చాను. రావడమే మంచిదైంది. ఆ పిల్లల్ని పాడేరు పంపిస్తాను."

బైబిల్లో ఒక కథ ఉంది. జైల్లోంచి విడుదలైన అపొస్తలుడు వచ్చి తలుపు కొడితే, ఆయన విడుదల కోసం లోపల ప్రార్థన చేస్తున్నవాళ్ళే నమ్మలేదట. ఆ కథ మీద నేను ఎన్నిసార్లు ప్రసంగం చేశానో. వాళ్ళు నమ్మలేదు, అంతే. నాలాగా తలుపుకు అడ్డంగా మనుషుల్ని కూర్చోబెట్టలేదు.

"ఇంకో సంగతి" అన్నాడాయన. "పరవాడలో మన ఆఫీసు తాళం వేసి ఉంది, తీసేవాడు లేడు. ఇక్కడ ఎవర్ని కదుపుదామా అని చూస్తున్నాను. అందరూ పనిలో ఉన్నారు. మీరొక్కరే ఖాళీగా నుంచున్నారు."

నోరు విప్పితే వీళ్ళెవరని అడుగుతాడు. విప్పకపోతే పరవాడ. బావ వంక చూశాను. బావ కరెంటు లేని కంప్యూటర్‌లో ఇంకా వేగంగా కొడుతున్నాడు. ఆ క్షణంలో ధైర్యం చేసింది మార్తమ్మత్త ఒక్కతే.

"ఓ బాబూ, ఈ బాబుని పంపీకండి. ఈయనెల్లిపోతే ఇక్కడ పని ఎవులు సేత్తారు?"

ఆయన నవ్వాడు. "మీరంతా ఉన్నారు కదమ్మా."

ఆయన చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ చప్పుడుకు సామ్యేలు తాత నిద్రలేచి, ఆదివారం ఆరాధనలో ఉన్నాననుకుని, "కానుక పట్టేశారా?" అని అడిగాడు.

ఆ శుక్రవారం కూడికలో నా విన్నపం వంతు వచ్చింది. లేచి, పాటల పుస్తకం తిరగేస్తూ నుంచున్నాను. నా బదులు మార్తమ్మత్తే చెప్పింది. "మనుషుల్ని పంపమని దేవుణ్ణి అడిగినాం. ఆయన పంపినాడు. పంపినోల్లకి కూకోడానికి సోటు నేకండా మనవే కూకున్నాం." సంఘమంతా ఆమేన్ అంది. అంత గట్టి ఆమేన్ నా వాక్య ప్రసంగాలకు ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు నేను పరవాడలో ఉన్నాను. పొద్దున్న తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కుతాను, ఇక్కడి థర్మల్ కరెంటు కేంద్రం బూడిద పుణ్యమా అని సాయంత్రం బూడిద రంగు చొక్కాతో దిగుతాను. మధ్యాహ్నం చల్లారిన క్యారియర్. ఇక్కడా కుర్చీలున్నాయి, వాటి మధ్య నేనొక్కణ్ణే. వన్ టౌన్ ఆఫీసును అప్పన్న తాళం చెవితోనే నడిపిస్తున్నాడు. మొన్న ఫోను చేశాడు. "సారూ, జనాలు మీకోసం అడగట్లేదు గానీ, ఇడ్లీలెట్టిన మేడంగారు ఎప్పుడొత్తారని అడుగుతన్నారు. ఏటి సెప్పమంతారు?"

కిందటి వారం పాలిష్ చెప్పుల మనిషి ఒకడు గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ ఎంతమంది ఉంటారండీ?" అన్నాడు. నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. "నేనొక్కణ్ణే సార్. అవన్నీ ఖాళీ. బీరువా వెనక కూడా చూసుకోండి, ఎవరూ లేరు. మా సంఘం వాళ్ళెవరూ ఈ చుట్టుపక్కల లేరు" అన్నాను. ఆయన చెయ్యి విడిపించుకుని, తాను వాటర్ క్యాన్లు వేసే మనిషినని, ఎన్ని క్యాన్లు కావాలో తెలుసుకుందామని వచ్చానని చెప్పి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. నా వంక అనుమానంగా చూశాడు. నాకు తగిన శాస్తే.

కాబట్టి ప్రియులారా, పరవాడ బూడిద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకూ ఖాళీగా ఉన్న కుర్చీని ఖాళీగానే చూపిస్తాను. నా కుర్చీలో నేను కూర్చుంటాను, నిప్పు పెట్టినా లేవను. పెద్ద అయ్యగారు వచ్చినప్పుడు గాజువాక వాళ్ళను పిలవడం గురించి మాత్రం ఇంకా ప్రార్థనలో ఉన్నాను.

మీరు కూడా ఉన్నచోటే తలలు వంచి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, కోత ఇంకా విస్తారంగానే ఉంది. ఖాళీగా ఉన్న ప్రతి కుర్చీకీ ఒక నిజమైన మనిషిని దయచెయ్యి. పరవాడకు ఒక్కణ్ణయినా పంపు. వాడు వచ్చి గుమ్మంలో నుంచున్నప్పుడు, తండ్రీ, ఆ ఒక్క నిమిషం నీ దాసుడైన దేవసహాయం వాడి చెప్పుల వంక చూడకుండా కాపాడు. ఆమేన్ అనండి.