మా బావగారి బుర్ర కాపలా

మా బావగారు గున్నేశ్వరరావు గారిని నరసాపురం బజారులో అందరూ పెద్దమనిషి అంటారు. కిరాణా హోల్‌సేల్ కొట్టు, మెడలో గొలుసు, ఎవరు ఎదురుపడినా నోటినిండా సలహాలు. నేనూ చాలాకాలం పెద్దమనిషనే అనుకున్నాను. ఇప్పుడు ఆయన పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

రెండేళ్ల కిందట ఆయనా మా అక్క మీనాకుమారీ అన్నవరంలో వ్రతానికి కూర్చున్నారు. పురోహితుడు గోత్రం చెప్పుకోమన్నాడు. బావగారికి నోరు పెగల్లేదు. పుట్టినప్పటి నుంచి చెప్పుకుంటున్న గోత్రం ఎక్కడికో పోయింది. వెనక వరసలో నరసాపురం బజారువాళ్లే ఇద్దరు కూర్చుని ఉన్నారు. అక్క మెల్లగా అందించింది, ఆయన చెప్పారు, వ్రతం సాగిపోయింది. తెల్లవారుజామున ప్రయాణం, ఖాళీ కడుపు, పొగ, జనం. అలాంటప్పుడు ఎవరికైనా అవుతుంది. కానీ ప్రసాదం చేతిలో పడేలోపే ఈయన తేల్చేసుకున్నారు, వాళ్ల నాన్నకు చివరి రోజుల్లో వచ్చిన మతిమరుపు తనకూ పట్టుకుందని.

ఇక ఆ ఇంట్లో ఒకటే పని, బావగారి బుర్రకు కాపలా కాయడం. పొద్దున్నే నానబెట్టిన వాల్‌నట్లు, ఆ పైన సరస్వతి ఆకు పసరు, తలకు ఏదో నూనె. మిగతా పొద్దంతా ఫోన్‌లో డాక్టర్ల వీడియోలు. వాళ్లు చెప్పే లక్షణాలన్నీ ఆయనకు తనలో కనిపించేవి. సాయంత్రం గోదావరి గట్టు దాకా నడిచే అలవాటు ఉండేది. దారి తప్పుతానేమోనని మానేశారు. కొట్టు ముందు బల్ల మీద నలుగురితో కబుర్లాడేవారు. మాట తడబడితే నవ్వుతారని అదీ మానేశారు. దిగులుతో నిద్ర కూడా పోయింది. బుర్రకు మేలు చేసేవన్నీ వదిలేసి, పైన నూనె రాసుకుంటే సరిపోతుందనుకున్న మహానుభావుడు ఆయన.

ఆ ఇంట్లో నిజంగా మతి జారిపోతున్నది మా అక్కకు. నేను మొగల్తూరు నుంచి వారం వారం వెళ్లేవాణ్ని కాబట్టి నాకు తెలుస్తూనే ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి వీధి గుమ్మంలో కూర్చునేది. ఓసారి నన్ను చూడగానే, "నాన్న రాలేదేంట్రా?" అంది. నాన్న పోయి చాలాకాలమైంది. నాకు ఏడుపొచ్చింది.

బావగారు మాత్రం రోజూ భోజనం దగ్గర ఆమె చేత తన జ్ఞాపకశక్తికి పరీక్షలు పెట్టించుకునేవారు. ఒకరోజు నేను పక్కనే ఉన్నాను.

"మన పెళ్లి ఎక్కడైందండీ?" అంది అక్క.

"పాలకొల్లు సత్రంలో" అన్నారాయన హుషారుగా.

మజ్జిగ వడ్డించి, "మన పెళ్లి ఎక్కడైందండీ?" అంది. ఆయన మళ్లీ చెప్పారు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్లీ అదే ప్రశ్న.

బావగారు ముఖం చేటంత చేసుకుని నావైపు తిరిగారు. "చూశావా, మీ అక్క ఎంత గడుసుదో! ఎక్కడైనా తప్పు చెప్తానేమోనని తిప్పి తిప్పి అడుగుతోంది."

ఆయన నవ్వారని అక్క కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో ఆమెకు తెలియదు.

ఆయన్ని వసారాలోకి పిలిచి, "బాగాలేనిది అక్కకండీ, డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"దానికేంటయ్యా, దుక్కలా ఉంటేనీ? ముందు నా సంగతి ఆలోచించు. అసలా జబ్బు మాట నా దగ్గర ఎత్తకు, గుండె దడొస్తుంది."

పోనీ నేనే తీసుకెళ్తానంటే, నా భార్యకు పిచ్చని ఊరంతా చాటుతావా అని కేకలేశారు. ఆయన ఒద్దంటే అక్క గడప దాటదు. అలా ఏడాది పైగా పోయింది. ఆ ఏడాది ఆమెకెంత విలువైనదో తలుచుకుంటే ఆయన్ని ఇప్పటికీ క్షమించలేను.

చివరికి ఆయన భయాన్నే వాడుకున్నాను. భీమవరంలో మంచి డాక్టరమ్మ ఉంది, మీ బుర్ర ఓసారి చూపించుకోండి, తోడుగా అక్క తప్పనిసరిగా రావాలట అని అబద్ధమాడాను. వెంటనే బయల్దేరారు. డాక్టరమ్మకు నేను ముందే ఫోన్‌లో అన్నీ చెప్పి ఉంచాను.

ఆమె బావగారిని ఓపికగా పరీక్షించింది. అన్నీ సరిగ్గానే చెప్పారు.

"మీకు జబ్బేం లేదండి. భయపడినప్పుడు బాగా తెలిసిన మాట కూడా నోటికి రాదు. మెదడంతా ఆ భయం మీదే ఉంటుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. రోజూ నడవండి, కంటినిండా నిద్రపోండి, నలుగురితో మాట్లాడండి, బీపీ అదుపులో పెట్టుకోండి. మెదడుకు ఇంతకన్నా మంచి మందు లేదు."

బావగారు సింహాసనం ఎక్కినట్టు కుర్చీలో వెనక్కి వాలారు.

డాక్టరమ్మ అక్కకు కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ వేసి అంకెలు రాయమంది. అక్క గుండ్రంగా గీత గీసింది. తర్వాత పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇంకేవో అడిగి, డాక్టరమ్మ బావగారివైపు తిరిగింది. "మతిమరుపు జబ్బు ఈవిడకండి. మొదలై చాలా రోజులైనట్టుంది. ఒకే ఇంట్లో ఉంటూ మీరు గమనించలేదా?"

బావగారి మొహం పాలిపోయింది. ఈ మనిషి ఇప్పుడైనా ఆమె కోసం ఏడుస్తాడనుకున్నాను. ఆయన కుర్చీని అక్క పక్కనుంచి కొంచెం ఇవతలికి జరుపుకున్నారు.

"ఇది పక్కనున్నవాళ్లకి అంటుకుంటుందాండీ?" అన్నారు.

జరిగిందంతా అక్కకు ఎంత అర్థమైందో తెలియదు, ఆయన భయపడుతున్నారని మాత్రం అర్థమైంది. చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"భయపడకండి. మీకేం కాదు, నేను పక్కనే ఉన్నానుగా" అంది.

ఆయన మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.