గోనెలు కప్పిన స్కూటరు

మా బాబాయిగారికి స్కూటరు వచ్చింది డెబ్బైల చివర్లో. పేరు రాయించుకుని ఆరేళ్ళు ఎదురుచూసేరు. అల్లవరం దాటేక సముద్రం వైపు ఉన్న ఒక ఊళ్ళో ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిన్నిగారు మూడు మైళ్ళ అవతల ఎలిమెంటరీ బళ్ళో టీచరు. చిన్నప్పటి జబ్బు వల్ల ఆవిడ ఎడమ కాలు సన్నబడిపోయింది. ఇసక దారిలో కాస్త దూరం నడిస్తే కూర్చోవాల్సిందే. బస్సు లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బాబాయిగారే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దింపి వచ్చేవారు. యాభై దాటి ఆయనకి ఆయాసం మొదలయ్యేక ఆవిడ బడికి ఆలస్యంగా వెళ్ళడమూ మొదలైంది. ఇలాగే సాగితే మెట్ట ప్రాంతానికి బదిలీ రాయక తప్పదని తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు మర్యాదగానే చెప్పేరట. అందుచేత ఆ స్కూటరు మా వాళ్ళకి షోకు కాదు. అది నడిచినన్నాళ్ళే ఇద్దరూ ఒక ఇంట్లో ఉండగలరు.

ఆ ఊళ్ళో సముద్రపు గాలి ఇనుముని బతకనిచ్చేది కాదు. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలేవి. కొత్త తాళం ఏడాది తిరక్కుండా బిగుసుకుపోయేది. గాలీ తేమా తగిలితే తుప్పు పడుతుందని ఎనిమిదో తరగతికి ఏటా పాఠం చెప్పేది బాబాయిగారే. ఆ రెండూ తగలకుండా చేస్తే సరి అనుకున్నారు. సంతలో పాత గోనెలు ఏరి కొని, విప్పించి, రెండు పొరలుగా కుట్టించేరు. బడి నుంచి రాగానే స్కూటరుకి నిలువునా కప్పి తాడుతో బిగించేవారు. ధాన్యం గోనెల కంటే దళసరని ఉప్పు మడుల నుంచి వచ్చిన గోనెలే తీసుకున్నారు. ఉప్పు సంగతి ఆలోచించకపోలేదు. నూతి నీళ్ళు తోడించి రెండుసార్లు ఉతికించేరు.

నేనప్పుడు అమలాపురంలో ఒక దినపత్రికకి వార్తలు రాసేవాణ్ణి. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. చర్చి నుంచి వచ్చేక బాబాయిగారు తాడు విప్పి, గోనెలు తీసి, స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగేవారు. మొదటి ఏడాదే రంగు కింద పొక్కులు లేచేయి. కంపెనీవాళ్ళు రంగు పల్చగా వేసేరన్నారు. రెండో ఏడు పొక్కులు పగిలేయి. ఈసారి గాలిని తిట్టి మూడో పొర కుట్టించేరు. ఆ వానాకాలం మొదట్లో పిన్నిగారిని బడి దగ్గర దింపుతూ కాలు ఊనబోతే, కాళ్ళు పెట్టుకునే రేకులోంచి ఆయన మడమ కిందకి దిగబడింది. చెప్పు తెగింది, చీలమండ గీరుకుంది.

మర్నాడు శనివారం. దాన్ని మెల్లగా నడుపుకుంటూ అమలాపురం తెచ్చేరు. నాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేను. వయసు మళ్ళిన మనిషి. ఆయన బండి కింద చూళ్ళేదు. ముందు పైన చూసేడు.

"మాస్టారూ, దీనిమీద ఏం కప్పుతున్నారండి?"

"గోనెలు. మూడు పొరలు. గాలి దూరదు."

వెనక సీటుకి చుట్టి కట్టి ఉన్న గోనె కొసని మెకానిక్కు నాలిక్కి తగిలించి చూసి పక్కకి ఉమ్మేడు.

"బండిని ఊరగాయ పెట్టేరండి."

ఉతికించేనయ్యా అన్నారు బాబాయిగారు. ఏ నీళ్ళతోనని అడిగేడాయన. నూతి నీళ్ళతోనని చెప్పేరు.

"ఆ నీళ్ళతో మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందాండి?"

ఆ ఊరి నూతి నీళ్ళు ఉప్పన కాబట్టి బాబాయిగారి ఇంట్లో వంటకీ తాగడానికీ కాలవ నుంచి కావిడితో నీళ్ళు తెప్పించుకుంటారు. ఆ సంగతి నాకూ తెలుసు. రెండేళ్ళుగా ఆ గోనెల్ని చూస్తూ నేను కూడా అడగలేదు.

పది రోజులు పడుతుందన్నాడు. ఆ పది రోజులూ బాబాయిగారు మళ్ళీ సైకిలు తీసేరు. ఇసకలో తొక్కలేక దిగి తోసేవారు. ఆలస్యం కాకూడదని తెల్లవారగానే బయల్దేరేవారు. పిన్నిగారు బడి తలుపు తీసేక అరుగుమీద కూర్చుని పిల్లల కోసం చూసేవారట.

మెకానిక్కు కుళ్ళిన రేకు కోసేసి ఆయిలు డ్రమ్ము రేకు అతికించేడు. అడుగున పూయడానికి ఏ రంగూ వాడలేదు. పడవలు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి గుగ్గిలం తెమ్మని నన్ను పంపేడు. దాన్ని గానుగలో మిగిలిన కొబ్బరినూనె మడ్డితో కాచి, వేడివేడిగా బండి కింద పట్టించేడు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో ఉండే పడవకి పనికొచ్చింది దీనికి పనికిరాదా అన్నాడు. ఏటా వానలకి ముందు మళ్ళీ పూయించమన్నాడు. ఆరుబయట పెట్టొద్దన్నాడు, నూతి నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు.

ఆరుబయట కాకపోతే ఎక్కడ పెట్టాలో బాబాయిగారికి తోచలేదు. ముందు గదిలో మంచం తీసేస్తే సరిపోతుందన్నారు పిన్నిగారు. చుట్టాలొస్తే ఎలా అంటే, "చుట్టాలు నన్ను బడికి తీసుకెళ్తారేంటండీ" అన్నారు. మంచం వసారాలోకి వెళ్ళింది. ఆదివారం ఆదివారం స్కూటరుకి కాలవ నీళ్ళతో స్నానం. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "మా బిందెలు ఖాళీగా ఉన్నాయి టీచరమ్మగారూ, మీ బండి పోసుకోగా మిగిల్తే చెప్పండి" అనేది. ఆయ్, అలాగేనండి అనేవారు పిన్నిగారు. నిజంగానే ఒక బిందె పంపించేవారు.

మరుసటేడు, గుగ్గిలం పూయించిన వారానికే, ఇన్‌స్పెక్టరుగారు చెప్పకుండా తనిఖీకి వచ్చేరు. అప్పటికే పిల్లలు ప్రార్థన ముగించి కూర్చున్నారు. పిన్నిగారు హాజరు వేస్తున్నారు. ఆయన గుమ్మంలో ఆగి గాలి పీల్చి, ఈ దగ్గర్లో ఎక్కడైనా పడవలు కడుతున్నారా అని అడిగేరట. లేదండి, నేనొచ్చిన బండి వాసన చీరకి పట్టిందండి అన్నారు పిన్నిగారు. ఆయన రిజిస్టరు తీసుకుని వెనక నెలల పేజీలు కూడా తిప్పి చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయేరు. వేసవి సెలవులకి ముందే బదిలీల జాబితా వచ్చింది. బాబాయిగారు దాన్ని రెండుసార్లు చదివి, అందులో పిన్నిగారి పేరు లేదని చెప్పడానికి మూడు మైళ్ళూ స్కూటరు మీద వెళ్ళేరు.