అమ్మ చీరల బొంత

బొంత నిలబడింది. నిజంగానే. గోడకు ఆనించి వదిలేస్తే జారకుండా, మడత పడకుండా బిగుసుకుని నిలబడింది. మా ఆయన దాన్ని వేలితో కొట్టి చూసి, "ఇది బొంతనా, అప్పడమా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అందులో ఉన్నవి మా అమ్మ చీరలు. అమ్మ పోయి రెండేళ్లు. వాళ్లకూ వీళ్లకూ పంచగా నాకు మిగిలినవి మూడే మూడు చీరలు.

అప్పటికి మా బిడ్డ, అంటే మా కూతురు, ప్రసవమై పదహారు రోజులు. జడ్చర్లలో మా ఇంట్లోనే ఉంది. ఇరవై ఒకటో రోజున తొట్టెల, పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక. పిల్లను తొట్టెలలో వేసేటప్పుడు కింద కొత్త బట్ట పరచకూడదు. ఇంట్లో పెద్దామె కట్టి కట్టి మెత్తబడిన చీరల బొంత పరచాలి. మా ఇంటి పద్ధతి అది. మా బిడ్డను మా అవ్వ చీరల మీద పడుకోబెట్టాం. ఈ చిన్నదాన్ని అమ్మ చేతులతో ఎత్తుకోలేకపోయింది, కనీసం అమ్మ చీరల మీదైనా పడుకోవాలని నా పట్టుదల.

నాకా, సూది పట్టడం రాదు. ముప్పై ఏళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. స్కేలు లేకుండా బోర్డు మీద తిన్నగా గీత గీస్తాను గానీ, చొక్కా గుండీ ఊడితే మా ఆయన తనే కుట్టుకుంటాడు. అందుకని మా గల్లీ చివర ఉండే ఖాలాకు ఇచ్చాను. ఆమె అసలు పేరు సగం మందికి తెలియదు, అందరికీ ఖాలానే, అంటే పిన్నమ్మే. డెబ్బై దాటిన మనిషి. ఆమె బొంత కుడితే చీమలు బారు కట్టినట్టు ఉంటాయి కుట్లు. మా గల్లీలో పుట్టిన పిల్లలంతా ఆమె కుట్టిన బొంతల మీద పక్క తడిపినవాళ్లే.

చీరలు ఊరికే ఇచ్చానా? టీచర్ని కదా, పాఠం కూడా చెప్పాను. "ఖాలా, ఇవి నేనే ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిన. నువ్వు మళ్ల నీళ్లల్ల పెట్టకు, రంగు పోతది. ఎట్ల ఇచ్చిన్నో అట్లనే కుట్టు."

ఆమె నేనిచ్చిన చీర కొంగును వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఒక్కపారి నానబెడ్త బిడ్డా, అప్పుడైతే..." అని ఏదో చెప్పబోయింది.

"వద్దంటే వద్దు" అన్నాను. ఆమె తలూపింది.

పది రోజులకు ఇదిగో, ఈ అప్పడం వచ్చింది. కుట్లు చూస్తే కడుపు మండిపోయింది. ఒకటి గింజంత, ఒకటి వేలంత. మధ్యలో బట్ట ఉబ్బింది, ఒక మూల మెలి తిరిగింది. దీని మీద పడుకోబెడితే పసిదాని వీపు గీరుకుపోదూ? కోపం నషాళానికి అంటింది. మడత పెడదామంటే మడత పడదు. తలుపు రెక్కను మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని గల్లీ చివరి దాకా నడిచాను.

ఖాలా గుమ్మం ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"గిదేం కుట్టుడు ఖాలా? కండ్లు మూసుకొని కుట్టినవా? మా అమ్మ చీరలు గివి! మళ్ల యాడికెల్లి తేవాలె నేను?"

నా గొంతు సంగతి తెలుసు కదా, చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. ఖాలా గొంతు పెంచలేదు. గుడ్డ చుట్టిన బొటనవేలు చూపించింది. గూట్లోంచి ఒక డబ్బా మూత తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మూడు విరిగిన సూదులు.

"చీరలకు గంజి పెట్టినవ్ బిడ్డా. మూడు పొరలు ఒక్కదాని మీద ఒక్కటి ఏస్తే సూది దిగుతదా? నానబెడ్తనని నేనంటి. నువ్వేమో వద్దంటివి."

బొంత అంచును వేళ్లతో నలిపి చూశాను.

అవును, పెట్టాను. అమ్మ తన జన్మలో గంజి పెట్టని చీర కట్టలేదు. అన్నం వార్చిన గంజి చిక్కగా తీసి, చీర ముంచి, దండెం మీద లాగి లాగి ఆరేసేది. ఎవరికైనా పాత చీర ఇచ్చినా గంజి పెట్టే ఇచ్చేది. నలిగిన చీర గడప దాటితే మన మర్యాద పోతుందనేది. మా ఇంట్లో కుక్కరు వచ్చాక గంజి ఎక్కడిది? అయినా అమ్మ మాట తప్పకూడదని ఆ రోజు పనిగట్టుకుని అన్నం వార్చాను. అమ్మకు మర్యాద చేశాననుకున్నాను. బొంతకు కావలసింది మెత్తదనమని ఈ లెక్కల బుర్రకు తట్టలేదు.

"లే. నీళ్లు కాగబెట్టు" అంది ఖాలా.

"రంగు పోతదేమో..."

"పోతె పోనీ. పిల్ల రంగు సూస్తదా?"

గోరువెచ్చని నీళ్లలో బొంతను ముంచాం. కాసేపటికి నీళ్లు తెల్లబడ్డాయి. వాసన పైకి వచ్చింది, మా అమ్మ వంటింటి వాసన. అక్కడే కూలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను. ఖాలా నన్ను ఏడవనిచ్చి, ఆ తర్వాత, "ఇగ ఆ కొస పట్టు, పిండుదాం" అంది.

ఎండలో ఆరాక పాత కుట్లు విప్పింది. తొట్టెలకు ఇంకా మూడు రోజులే. "సగం నేను, సగం నువ్వు" అంది.

"నాకు రాదు ఖాలా."

"గంజి పెట్టుడు వచ్చింది గద. గిది గూడ వస్తది."

బడిలో పేపర్లు దిద్దే పని ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి, మూడు సాయంత్రాలు ఆమె ఇంట్లో కూర్చుని కుట్టాను. ఆమె వైపు చీమల బారే. నా వైపు కూడా చీమల బారే, కాకపోతే దాని మీద ఎవరో నీళ్లు చల్లారు. ఆమె బొటనవేలికి ఇంకా గుడ్డ ఉంది. తప్పయిందని చెప్పాలని రోజూ అనుకున్నాను. దారం అడిగాను, కత్తెర అడిగాను. ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

తొట్టెల రోజు ఇల్లంతా జనం. బొంత పరిచి పిల్లను పడుకోబెట్టగానే అది హాయిగా నిద్రపోయింది. అమ్మ చీర చెంగు దాని చెంప కింద మెత్తగా ఒదిగింది. మా బిడ్డ వంగి బొంత అంచును తడిమింది.

"ఖాలా, నీ చెయ్యి జర తప్పుతాంది. గీ పక్క కుట్లు చూడు, ఎట్ల వంకర పోయినయో!"

ఆడవాళ్లంతా వంగి చూశారు. అందులో ఆ రోజు నా అరుపులు విన్నవాళ్లూ ఉన్నారు. ఖాలా నా వైపు ఒక్కసారి చూసి, తొట్టెల తాడు పట్టుకుని మెల్లగా ఊపసాగింది.

"అవ్ బిడ్డా. ముసల్దాన్నైతి. కండ్లు ఆనుత లేవు."

ఒకసారి నా తప్పుకు ఆమెను గల్లీలో నిలబెట్టి తిట్టాను. ఇప్పుడు నా ఇంట్లో, ఇంతమంది ముందు, నా తప్పును తనే మోస్తోంది.

"కాదు! గా వంకర కుట్లు నాయి! చీరలకు గంజి పెట్టింది నేను, గీ పక్క కుట్టింది నేను, మొన్న ఖాలాను ఉత్తపుణ్యానికి తిట్టింది గూడ నేనే! తప్పయింది ఖాలా!"

మొన్న ఎంత గొంతుతో తిట్టానో అంత గొంతుతోనే అన్నాను. ఎదురింటి వాళ్లకు కూడా వినిపించే ఉంటుంది.

ఖాలా తొట్టెల ఊపడం ఆపలేదు.

"జర మెల్లగ ఒర్రు బిడ్డా" అంది. "పిల్ల లేస్తది."