ఏకు మీద నలుసు

లక్ష్మణమ్మ వడికిన నూలు చిలపని వేరే వంద చిలపల్లో కలిపేసినా ఖాదీ సంఘం గుమస్తా ఇట్టే తీసి పక్కన పెట్టేవాడు. పొందూరు చుట్టుపక్కల ఊళ్ళలో రాట్నం తిప్పే ఆడవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. వాళ్ళలో అంత సన్నగా, అంత శుభ్రంగా దారం తీసే చెయ్యి ఆమెది. పదిహేడో ఏట కాపురానికి వచ్చిన వారానికే అత్తగారు ఆమె చేతికి వాలుగ చేప దవడ ఇచ్చి పత్తి దువ్వమంది. ఆ దవడకున్న సన్నటి పళ్ళతో దువ్వితే తప్ప పత్తిలోని చెత్త వదలదు. దువ్వి, గింజ తీసి, ఏకి, వేలెడు పొడవు పత్తి వత్తుల్లా ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో దాచుకుని, ఆ తరవాత రాట్నం ముందు కూర్చోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

వయసు నలభై ఆరు. దగ్గరి చూపు మసకబారి చాలా కాలమైంది. సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని పిలుస్తుంది. కళ్ళజోడు తెచ్చుకోమని మగ్గం నేసే మొగుడు అసిరయ్య ఎన్నిసార్లు పోరినా, "దారానికి కళ్ళెందుకు? నాకు సేతులున్నాయి" అనేది. అది ఉత్త గొప్ప కాదు. ఏకు మీద బొటనవేలు పోనిస్తే ఆవగింజలో పాతికో వంతు నలుసు ఉన్నా ఆమెకి తగులుతుంది. కంటితో చూసేవాళ్ళు వదిలేసింది కూడా ఆ వేలు వదలదు.

వడికే ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. గాల్లో ఎప్పుడూ పత్తి నూగు తేలుతూ ఉంటుంది. కంట్లో నలుసు పడని రోజంటూ ఉండదు. పడగానే ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి, పైట చెంగు ముద్దలా చుట్టి, నోటితో ఆవిరి పట్టి, కంటి మీద అద్ది, రెప్ప ఎత్తి ఉఫ్ మని ఊదుతారు. లక్ష్మణమ్మకి అత్తగారు ఊదింది. ఆమె తన కూతురు ఈశ్వరికి ఊదింది. ఆ ఇంట్లో కంట్లో నలుసంటే తుమ్ము కన్నా పెద్ద విషయం కాదు.

ఈశ్వరి ఒక్కతే కూతురు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతుండగా కరోనా వచ్చి కాలేజీ మూసేశారు. ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్టు పట్టుకుని ఇంటికొచ్చింది. మూడో తరగతి నుంచీ ఆ పిల్లకి కళ్ళజోడే. ఏటేటా అద్దాలు మందమవుతూ వచ్చాయి. జోడు తీస్తే ఎదుట నిలబడ్డది అమ్మో నాన్నో పోల్చుకోలేదు. అయినా చదువులో మాత్రం చురుకు. బీఎస్సీ అయ్యాక టీచరు కావాలని కోరిక.

వర్షాలు పడే నాటికి ఫోనులో క్లాసులు మొదలయ్యాయి. సిగ్నలు అందేది వీధి గుమ్మం దగ్గరే కాబట్టి ఆ పిల్ల గుమ్మానికి చేరబడి, మోకాళ్ళ మీద ఫోను పెట్టుకుని కూర్చునేది. ఒక రోజు కాలేజీ మేడం ఒకావిడ పాఠం ఆపి, ఇంట్లో ఉండి చదువుకునే పిల్లలు ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలో, రోజు వృథా కాకుండా ఎలా చూసుకోవాలో గంటసేపు చెప్పింది. చెప్పిందల్లా ఈశ్వరి చార్టు మీద రాసి గోడకి అంటించింది. ఆరింటికి లేవడం. వ్యాయామం. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకూ క్లాసులు. గంటకోసారి లేచి నీళ్ళు తాగడం. ఇరవై నిమిషాలకోసారి ఫోను మీంచి చూపు తీసి దూరంగా ఉన్నది చూడడం. మూడు నుంచి ఆరు వరకూ విశ్రాంతి.

లక్ష్మణమ్మ ఐదో తరగతి చదివింది. కూడబలుక్కుని చివరి వరస దాకా వచ్చి ఆగిపోయింది.

"విశ్రాంతంటే ఏటే?"

"కళ్ళకి రెస్టమ్మా. అంతసేపూ ఫోను సూడకూడదు."

"మరింకేటి, రాట్నం కాడ కూకో. ఫోనూ సూడక్కర్నేదు, సెయ్యీ ఖాళీగుండదు."

ఈశ్వరికీ అది బాగానే తోచింది. హాస్టలుకి వెళ్ళాక వేళ్ళకి అలవాటు తప్పింది, మళ్ళీ పట్టుబడుతుందని సంబరపడింది కూడా. అలా ఆ పిల్ల కళ్ళకి దొరికిన విశ్రాంతి, జానెడు దూరంలో వెంట్రుక కన్నా సన్నటి దారాన్ని మూడు గంటలపాటు చూడడం. తల్లీకూతుళ్ళు ఎదురెదురు రాట్నాల దగ్గర కూర్చుంటే చూసినవాళ్ళు ముచ్చటపడ్డారు. "గుంట సదువుకీ పనికీ కూడా అందొచ్చింది" అని సంఘం గుమస్తా ఈశ్వరిని మెచ్చుకున్నాడు. లక్ష్మణమ్మ ఆ రెండు నెలలూ నేల మీద నడవలేదు.

వినాయకచవితి వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం ఈశ్వరి రాట్నం ఆపి ఎడమ కన్ను నులుముకుంది.

"అమ్మా, నలుసు పడ్డాది."

లక్ష్మణమ్మ చెంగు చుట్టింది, ఆవిరి పట్టింది, ఊదింది.

"పోయిందా?"

"ఏమో. ఇంకా తిరగతన్నాది."

"పోతాదిలే."

పోలేదు. మర్నాడు ఒకటి కాస్తా మూడయ్యాయి. నల్లటి దారం పోగుల్లా కన్ను ఎటు తిప్పితే అటు ఈదుతున్నాయంది ఈశ్వరి. తల్లి మళ్ళీ ఊదింది. నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పరిచింది. నాలుగో రోజున కంటి చివర మెరుపు మెరిసినట్టుంటోందంటే, "ఆ ఫోను ఎలుగే అది, సూడ్డం తగ్గించు" అని కసిరింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. నొప్పి లేని దాన్ని రోగమని ఎవరనుకుంటారు? పైగా అవి ఆసుపత్రి గుమ్మం తొక్కితే లేని జబ్బు తగులుకుంటుందని జనం హడలిపోయే రోజులు. బస్సులు అంతంతమాత్రం. ఇవన్నీ నిజమే. కానీ లక్ష్మణమ్మ తరవాత తనలో తాను ఎన్నిసార్లు తిరగేసుకున్నా, ఇవేవీ అసలు కారణం కావని ఆమెకి తెలుసు. కంట్లో నలుసు తన చేతిలో పని అనుకుంది. అంతే.

ఆమె చెయ్యే ఇంకో హెచ్చరిక కూడా చేసింది. ఎనిమిదో రోజున ఈశ్వరి వడికిన చిలపని వేళ్ళ మధ్య జార్చి చూస్తే నలుసులు తగిలాయి. ఒకటి కాదు, అడుగడుక్కీ. పోగు మాత్రం సమంగా ఉంది, ఎక్కడా లావూ సన్నమూ లేదు. ఆ పిల్ల చూపుతో పని లేకుండా వేళ్ళతోనే లాగుతోందని, నలుసు ఆ కంటికి ఆనడం లేదని అప్పుడైనా తట్టాల్సింది. తట్టలేదు సరికదా, కోపం ముంచుకొచ్చింది.

"ఏటే ఇది? మనసెక్కడెట్టి వడుకుతన్నావు? మా అత్త సూసుంటే మొకాన కొట్టును!"

ఈశ్వరి తల వంచుకుంది. చిలప తీసుకుని ఎప్పటిలా ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "నాకేటీ కనపడ్డం నేదమ్మా, బాగానే ఉన్నాది కదా" అంది. లక్ష్మణమ్మ ఆ మాటని ఎదురు జవాబు కిందే లెక్కవేసింది.

పదకొండో రోజు పొద్దున్న క్లాసు మధ్యలో అదే మేడం పిల్లల చేత కంటి వ్యాయామం చేయించింది. అరచేతులు రుద్ది వెచ్చబరచండి, కుడికన్ను మూసి ఎడమకంటితో చూడండి, ఇప్పుడు ఎడమది మూయండి. లక్ష్మణమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. ఫోనులోంచి ఆవిడ గొంతు హుషారుగా వినిపిస్తోంది.

"అమ్మా," అంది ఈశ్వరి. "ఫోనేదీ?"

"నీ ఒళ్ళో ఉన్నాది కదే!"

"నేదమ్మా. సగం నుంచీ కిందకి ఏటీ నేదు. నల్లగా... నల్లగుడ్డ కట్టినట్టున్నాది."

లక్ష్మణమ్మ వచ్చి చూసింది. కూతురు కుడికంటిని అరచేత్తో మూసుకుని, ఒళ్ళో వెలుగుతున్న ఫోను మీదుగా ఎటో చూస్తోంది. బయటికి ఆ ఎడమకన్ను ఎప్పటిలాగే చక్కగా, తేటగా ఉంది. ఆమె పక్కింటికి పరిగెత్తింది.

పక్కింటి గిరిబాబు ఆటో తీశాడు. శ్రీకాకుళంలో చూసిన డాక్టరు లోపలికి దీపం వేసి ఒక్క నిమిషం చూసి, ఈ పూటే విశాఖపట్నం వెళ్ళిపొమ్మన్నాడు. అక్కడ పెద్ద కంటాసుపత్రిలో ఒక డాక్టరమ్మ, కంటి వెనక ఉండే పొర చిరిగి ఊడిపోయిందని చెప్పి మర్నాడే ఆపరేషను చేసింది. తరవాత తల్లిని పక్కకి పిలిచింది.

"నల్ల చుక్కలు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?"

"పన్నెండు రోజులౌతాదమ్మా. మేం నలుసనుకున్నాం. పత్తి పన్లో ఉంటాం..."

డాక్టరమ్మ ఆ లెక్క కాగితం మీద రాసుకుంది. లక్ష్మణమ్మే మళ్ళీ అడిగింది.

"నా రాట్నమే పాడు సేసిందా అమ్మా? ఆ ఫోనా?"

"రాట్నమూ కాదు, ఫోనూ కాదు. అంత పవరున్న కళ్ళలో ఆ పొర పుట్టుకతోనే పల్చగా ఉంటుంది. చుక్కలు కనబడిన రెండు మూడు రోజుల్లో తెచ్చి ఉంటే కోత కూడా లేకుండా లేజరుతో అతికించి పంపేసేదాన్ని." ఆ తరవాత గొంతు తగ్గించింది. "కుడికంట్లోనూ పొర అంతే పల్చగా ఉంది. చుట్టూ లేజరు వేశాను. కానీ ఇంకెక్కడా చిరగదని నేను మాట ఇవ్వలేను. అందులో ఒక్క చుక్క కొత్తగా కనిపించినా ఆ రోజే తీసుకురావాలి. మర్నాడు కాదు."

రాట్నం తప్పు అని ఉంటే లక్ష్మణమ్మ దాన్ని విరిచి పొయ్యిలో పెట్టేది. విరవడానికి ఏమీ లేకుండా పోయింది.

ఆపరేషనైనా ఎడమకన్ను వెలుగునీ చీకటినీ మాత్రం పోల్చుకునే దగ్గర ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఈశ్వరి రెండు వారాలు మంచం మీద బోర్లా పడుకుని, ఫోను నేల మీద పెట్టించుకుని, క్లాసులు వింది. ఏడవలేదు. ఏడుపంతా పెరట్లోకి పోయి లక్ష్మణమ్మే ఏడ్చింది. అసిరయ్య ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. మగ్గం దగ్గర్నుంచి వచ్చి, అన్నం తిని, మళ్ళీ మగ్గం దగ్గరికే పోయేవాడు. తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించేది.

గోడ మీది చార్టు అలాగే ఉంది. కాకపోతే 'విశ్రాంతి' పక్కన ఇప్పుడు నిజంగానే విశ్రాంతి. ఆ మూడు గంటలూ ఈశ్వరి అరుగు మీద కూర్చుని దూరంగా చేలని చూస్తుంది. అన్నిటికన్నా పైన తల్లి ఒక కొత్త వరస రాయించింది. 'ఆరు గంటలు: ఏకు చూడడం.' రోజూ పొద్దున్నే లక్ష్మణమ్మ అరటి డొప్పలోంచి శుభ్రమైన ఏకు ఒకటి తీసి, కూతుర్ని వెలుతుర్లో కూర్చోబెట్టి, కుడికంటి ముందు పట్టుకుంటుంది.

"ఏటి అగుపిస్తంది?"

"తెల్లగా ఉన్నాదమ్మా."

ఆ మాట వినేదాకా ఆమె కాఫీ నీళ్ళు పెట్టదు. అలా అక్టోబరు గడిచింది, డిసెంబరు గడిచింది. సెమిస్టరు పరీక్షలు ఈశ్వరి ఒంటికంటితో చదివి రాసి ప్యాసైంది. ఇరుగుపొరుగు గండం గడిచిందన్నారు. లక్ష్మణమ్మ తలూపేది గానీ, పక్క గదిలో ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకున్న చప్పుడైనా ఆమె చెయ్యి రాట్నం మీద ఆగిపోయేది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్న మామూలుగానే ఏకు పట్టుకుంది.

"ఏటి అగుపిస్తంది?"

ఈశ్వరి చెయ్యి చాచి గోటితో ఏకుని గిల్లింది. మళ్ళీ గిల్లింది. ఆమె పెదవుల మీద చిన్న నవ్వు.

"ఏటమ్మోయ్, నువ్వు కూడా నలుసు ఒగ్గేస్తన్నావు! మజ్జిలో సూడు."

లక్ష్మణమ్మ ఏకుని తిప్పి చూసింది. ఆమె కళ్ళకి తెలుపు తప్ప ఏమీ ఆనలేదు. బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా పోనిచ్చింది. తిప్పి ఇంకోసారి పోనిచ్చింది. మెత్తగా ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

డొప్పలోంచి ఇంకో ఏకు తీసింది. ముందు వేలితో తడిమింది, తరవాత చూపించింది.

"దీని మీద?"

"దీని మీదా ఉన్నాది. అక్కడే..." అంటూ ఈశ్వరి ఆగిపోయింది. నవ్వు పోయింది.

పైట చెంగు దానంతటదే లక్ష్మణమ్మ నోటి దగ్గరికి వచ్చింది. అది ఎన్నేళ్ళ అలవాటో. ఆమె చెంగు వదిలేసి కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

"గిరిబాబూ! బేగి ఆటో తియ్యి నాయినా!"

"తొమ్మిదికి క్లాసున్నాదమ్మా," అంది ఈశ్వరి. తనేం అంటోందో తనకే తెలియనట్టుంది ఆ గొంతు.

ఆటో చిలకపాలెం దారి పట్టింది. అక్కడ హైవే మీద విశాఖపట్నం బస్సు దొరుకుతుంది. రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా లక్ష్మణమ్మ కూతురి తలని కదలకుండా గుండెకి అదిమి పట్టుకుంది. ఏకు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. మైలు మైలుకీ దాన్ని ఎత్తి చూపించి అడిగింది.

"ఎన్నున్నాయే?"

"ఒకటే అమ్మా."

"ఇప్పుడు?"

"ఒకటే."

జంక్షన్‌లో బస్సు ఆగి ఉంది. లక్ష్మణమ్మ కూతుర్ని ముందు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ ఏకు ఎత్తి పట్టుకుంది. ఈశ్వరి చాలాసేపు చూసింది.

"రెండు," అంది.