గణపతిరావు గారి అత్యవసర సమావేశం

గెడ్డవలస పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా మీటింగుల పిచ్చి. ఊళ్లో పూచికపుల్ల పోయినా సరే, సర్కారు జీతం తినే ప్రతివాడూ వచ్చి పంచాయతీ బెంచీ మీద కూర్చోవలసిందే. "దొంగతనమంటే పోలీసోడొక్కడి పనేటి? అన్ని డిపార్టుమెంట్లూ కలిస్తేనే ఊరికి రక్ష," అనేవారు.

ఈ రక్షణ కింద అందరికంటే ఎక్కువ నలిగినవాడు ఔట్‌పోస్టు కానిస్టేబులు అప్పలసూరి. కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు లైను పడిన కొత్తలో, ఊళ్లో తెలియని మొహాలు పెరిగాయని అతన్ని అక్కడ వేశారు. దొంగల్ని పట్టడానికి వచ్చాననుకున్నాడు పాపం. ఆవలింతలు ఆపుకోవడమే తన ఉద్యోగమని వచ్చాకగాని తెలియలేదు.

మొదటి వారంలోనే అసిరమ్మ కోడిపెట్ట పోయింది. అప్పలసూరి లాఠీ తీశాడు. గణపతిరావు గారు బెంచీ చూపించారు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు, పోస్టుమాను, వీధి దీపాలు వెలిగించే మనిషి, మిషన్ బడి హెడ్మిస్ట్రెస్ జ్ఞానసుందరి గారు, రైల్వే గేటు నారాయణమూర్తి, ఇంతమంది ఒక్క కోడికి!

"పెట్ట ఏ రంగే, అసిరమ్మా?"

"ఎర్రది బాబూ."

"ఎరుపంటే ఇటిక ఎరుపా, మిరపండు ఎరుపా?"

"కోడి ఎరుపు బాబూ!"

"కాంపౌండరు గారూ, దీనిమీద మీ శాఖ అభిప్రాయం ఏటి?"

శాఖ తన అభిప్రాయం చెప్పి ముగించేసరికి పొద్దు వాలింది. అప్పటికి పెట్ట తనంతట తానే దొడ్లోకి వచ్చేసిందని కబురందింది. గణపతిరావు గారు కోడికి కృతజ్ఞతలు చెప్పి సభ చాలించారు.

తరువాత రాగి బిందె పోయింది. మీటింగు. బిందె వియ్యపురాలి ఇంట్లో తేలింది. మేక పోయింది. మళ్లీ మీటింగు. మేక చీకటి పడకముందే ఇల్లు చేరింది. మేకకున్న బుద్ధి ప్రెసిడెంటు గారికి లేదని అప్పలసూరి గొణుక్కున్నాడు.

అతనికి అసలు ఒళ్లు మండేది వేరే సంగతికి. ఊరి చివర నులక మంచాలు అల్లుకు బతికే గంగులు పాత దొంగ. ఏడాదిపాటు విజయనగరం జైల్లో ఉండి వచ్చాడు. "అలాంటోడు ఊళ్లో ఉండగా కోడి రంగడుగుతారేటండీ?" అని అప్పలసూరి మొత్తుకునేవాడు.

ఒక సోమవారం పొద్దున్న మిషన్ బడి గంట మాయమైంది. గంటంటే గంట కాదు, చెట్టుకొమ్మకు వేలాడదీసిన రెండు మూరల రైలుపట్టా ముక్క. ఆవేళే ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు. గంట సంగతి తెలిసి, సాయంత్రం నాలుక్కి తను వచ్చేసరికి దొంగ లాకప్పులో ఉండాలని కబురు పెట్టారు. అప్పలసూరి వెళ్లి, మంచం అల్లుతున్న గంగుల్ని ఉన్నపళంగా లాక్కొచ్చాడు.

"నాను ముట్టలేదు బాబూ," గంగులు చేతులు జోడించాడు. "ఈసారెళ్తే మూడేళ్లేస్తారు. మాయమ్మకి కళ్లు కానరావు. దానికి బువ్వెట్టేదెవులు?"

"మీటింగు," అన్నారు గణపతిరావు గారు.

"రెండయిందండీ!"

"అయితే అవనీ. అందరూ రావాల కదేటి?"

అందరూ వచ్చారు, నారాయణమూర్తి తప్ప. ఇనుపరాయి మోసే గూడ్సు బండి దాటితేగాని అతను గేటు వదలడు. ఆ గూడ్సుకి వేళాపాళా లేదు. ఈలోగా ప్రెసిడెంటు గారు ఏ దీపంలో ఎంత కిరసనాయిలు పోస్తావని దీపాలవాణ్ని నిలదీశారు. రైలుపట్టాని పోస్టులో పంపితే ఎన్ని స్టాంపులు అంటించాలని పోస్టుమానుని అడిగారు. మూడున్నర దాటింది. అప్పలసూరి ఇక ఆగలేక గంగులు చెయ్యి పట్టి లేపాడు.

"కూకోవయ్యా సూరీ. టీ ఒస్తన్నాది."

టీ కంటే ముందు నారాయణమూర్తి వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ.

"బడి గంటా? పోడమేటండీ! రైల్వే సొత్తు సెట్టుకి ఏలాడతన్నాదని మా గేంగు మేస్త్రీ నిన్న ఇప్పించేసి తెచ్చాడు. నా గేటు కాడే పడున్నాది. దానిమీద కూకునే బువ్వ తిన్నాను."

"మరి సెప్పలేదేటయ్యా?" అరిచాడు అప్పలసూరి.

"నన్నెవులడిగారు?"

జ్ఞానసుందరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది లైను పక్కన పడుంటే మేమే తెచ్చుకున్నామండీ. ఎవరికీ అక్కర్లేదనుకున్నాం," అన్నారు చిన్నగా. గణపతిరావు గారు గంటని బడికే ఉంచమని మేస్త్రీకి పంచాయతీ పూచీ రాశారు. ఇన్‌స్పెక్టరు గారి కోసం ఇంకో కాగితం రాసి, జరిగింది ఇదీ అని అందరిచేతా సంతకాలు పెట్టించారు.

అందరూ లేచాక అప్పలసూరి తలవంచుకుని దగ్గరికొచ్చాడు. "నారాయణమూర్తికి తెలుసని మీకు ముందే తెలుసాండీ?"

"నాకేటి తెలుసు! పోయిన సొత్తుకి కాస్త టైమిస్తే చాలామట్టుకు అదే తిరిగొస్తాది. ఈలోపల ఎవుడి ఈపు మీదో లాఠీ పడిపోతే, ఆ దెబ్బ ఎనక్కి తీసుకోలేం కదా? అందుకే సాగదీస్తాను. కోడి రంగు మీద అరపూట మాటాడ్డం నాకు మాత్రం సరదాయేటి? నాకూ నిద్రొస్తాది."

అప్పలసూరి పంచాయతీ బెంచీ వైపు చూశాడు. ఆ బెంచీని ఎన్నిసార్లు తిట్టుకున్నాడో, అన్నిసార్లూ గంగులు వీపుని అదే కాసింది. ముసలాయన మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది, తనమీద తనకు సిగ్గూ వేసింది.

పట్టాముక్క ఒక్కడు మోయగలిగేది కాదు. వెదురుబొంగుకి కట్టి, ముందు గంగులు, వెనక అప్పలసూరి భుజాన వేసుకున్నారు. నూతి దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి మరీ చూశారు.

"ఒరే గంగులూ! పోలీసోణ్ని ఎక్కడికి పట్టుకెళ్తన్నావురా?"

"బడికి!" అన్నాడు గంగులు, వెనక్కి తిరక్కుండానే.