కావడి నడకలో కీర్తన

కొండమీది స్వామికి కావళ్ళు మోసే ఆడి మాసం వచ్చిందంటే తిరుత్తణి వెళ్ళే కరెంటు రైల్లో కాలు పెట్టడానికి చోటుండదు. మొన్న ఉదయం తిరువళ్ళూరులో ఆడవాళ్ళ పెట్టె ఎక్కగానే విభూతి, కర్పూరం, మల్లెపూలు, చెమట అన్నీ కలిసిన వాసన ముఖాన కొట్టింది. పసుపు చీరల ఆడవాళ్ళు కావళ్ళను తలుపు పక్కన ఆనించి గొంతెత్తి పాడుతున్నారు. పక్క పెట్టెలో పంబ మోగుతోంది. నా వేళ్ళు నన్ను అడక్కుండానే టిఫిన్ డబ్బా మీద దరువు అందుకున్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా మెడలోని సిలువను, నా వేళ్ళను మార్చి మార్చి చూసి నవ్వింది. ఆ దరువు మీద నేను మా చర్చిలో పాడతానంటే ఆవిడ నమ్మేది కాదు. ఎస్తేరక్కను చూసి ఉంటే నమ్మేదేమో.

ఎస్తేరక్క మా వీధిలోనే ఉండేది. తిరుత్తణిలో ఒక బడిలో కుట్టుపని టీచరు. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, నోరు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. మా చర్చిలో పాటల బృందం ఆమె చేతికి రాకముందే నేను అందులో ఉన్నాను. ఉన్నానంటే నిలబడ్డానంతే. చిన్నప్పటి నుంచీ నాకు ఆయాసం, దానికి తోడు బొంగురు గొంతు. స్వరం కాస్త సాగదీయాలంటే మధ్యలో ఊపిరి తెగిపోయేది. అప్పట్లో బృందాన్ని నడిపిన పెద్దమనిషి ఒకరోజు అందరి ముందూ, "నువ్వు పెదాలు ఆడించమ్మా, చాలు" అన్నాడు. తిట్టినట్టు కాదు, దయగానే అన్నాడు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. నాకు పాటంటే ప్రాణం. ఇంట్లో కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున పాడుకునేదాన్ని. చర్చిలో మాత్రం తెల్ల చీర కట్టుకుని, పెదాలు ఆడిస్తూ, ఒక బొమ్మలా నిలబడేదాన్ని.

తిరుత్తణిలో మందుల షాపులో ఉద్యోగం దొరికాక అక్కా నేనూ ఒకే రైలుకి వెళ్ళేవాళ్ళం. అప్పటికి ఆమె కొత్తగా బృందం బాధ్యత తీసుకుంది. ఇలాంటి ఆడి మాసంలోనే ఒకనాడు కావడి భక్తురాళ్ళు మా చుట్టూ చేరి పాడుతున్నారు. ఒకావిడ ముందు పిలుస్తుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. ఆ ఊపులో ఒళ్ళు మరిచి నేనూ వాళ్ళతో గట్టిగా అందుకున్నాను. అక్క కళ్ళద్దాలు పైకి తోసుకుని నా వైపు తిరిగింది.

"ఇంత గొంతు యాడ దాచిపెట్టినావు పాపా?"

"నేను దాచలేదక్కా. దాచమన్నారు."

జరిగిందంతా చెప్పాను. అరక్కోణం దాటాక అక్క, "సరి, రేపట్నుంచి రైల్లో దినామూ పాడు. నేను సుమ్మా, ఊరికే వింటా" అంది.

రోజూ పాడాను. ఆమె విన్నదో లేదో తెలియదు, చూపంతా నా మెడ మీదే ఉండేది. ఒక్కోసారి ఉన్నట్టుండి తన మోకాలి మీద తట్టేది. ఎందుకని అడిగితే దోమ అనేది.

మా చర్చిలో ఆరాధన అరవంలోనే జరుగుతుంది. కోతల పండుగ నాడు మాత్రం తెలుగు కుటుంబాల తరఫున ఒక పాత కీర్తన పాడటం వాడుక. హార్మోనియం మీద ఒక్కో మాటా జీడిపాకంలా సాగుతూ ఉంటే పిల్లలు ఆవలించేవాళ్ళు. ఆ ఏడాది అక్క ఆ కీర్తనను కావడి నడకలోకి దించింది. నాలుగు దెబ్బల తాళాన్ని మూడు దెబ్బలు చేసింది. శ్రుతి బాగా తగ్గించింది. పొడుగు చరణాలను రెండేసి మాటలుగా తుంచి, ఒకరు పిలవాలి, అందరూ అందుకోవాలి అంది. డోలక్ వాయించడానికి కారు కంపెనీలో పనిచేసే తన తమ్ముడిని లాక్కొచ్చింది. తెలుగు చదవడం రాని పిల్లలు మాటల్ని అరవ అక్షరాల్లో రాసుకుని మరీ వచ్చారు. ముందు పిలిచే గొంతు నాదని చెప్పినప్పుడు భయంతో నాకు నిజంగానే ఆయాసం వచ్చింది.

పండుగకు ముందు రోజు సంఘ పెద్ద దేవదానం మామ వినడానికి వచ్చాడు. పాట సగంలోనే చెయ్యెత్తాడు.

"ఏంది ఎస్తేరూ, ఇది కావడి అడుగు గదా! చర్చిలో ఇది పాడితే జనం ఏమంటారు?"

"ఈ జిల్లాలో కాళ్ళకి వచ్చిన అడుగు ఇదే మామా. నీ కాలు గూడా ఇందాక ఆడతానే ఉండింది, నేను చూసినాను."

పిల్లలు కిసుక్కుమన్నారు. మామకూ నవ్వొచ్చింది. "సరి, అడుగు ఉండనీ. ముందర పాడేదానికి మాత్రం మంచి గొంతు పిల్లను పెట్టు. ఈ పాప వెనకాల నిలబడనీ" అన్నాడు. నేను అప్పటికే ఒక అడుగు వెనక్కి వేశాను. అది నాకు అలవాటే.

అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "మామా, పాటను తుంచినానే, యాడ తుంచినానో చూసినావా? ఈ పిల్లకి మూచ్చు ఆగే కాడంతా తుంచినాను. అది ఊపిరి పీల్చుకునేంత సేపు మిగతావోళ్ళు పాడతారు. శ్రుతి దించింది దీని గొంతు కోసరం. ఇంకో పిల్లను పెట్టేదైతే నాకు ఈ పాటే వద్దు, పాత పాటే పాడుకోండి."

రైల్లో ఆమె తట్టిన దోమలన్నీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. అంతవరకూ పిల్లల కోసం పాట మారిందని అందరిలాగే నేనూ అనుకున్నాను. నా ఆయాసానికి తగినట్టు ఒక కీర్తననే కుట్టి ఇచ్చిందని తెలిశాక అక్కడే నిలబడి ఏడ్చేశాను. మామ ఏమనుకున్నాడో, గొంతు సవరించుకుని, "మొదట్నుంచి పాడమ్మా" అన్నాడు.

మర్నాడు పాడాను. వెనక బెంచీల్లోని ముసలమ్మలు చప్పట్లు అందుకున్నారు, అరవవాళ్ళు మాటలు తెలియకపోయినా పల్లవి అందుకున్నారు. ఊపిరి తెగే ప్రతి చోటా నా వెనక నలభై గొంతులు లేచి పాటను పట్టుకున్నాయి. ఒక్కచోట కూడా నేను తడబడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత అక్క గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. వీధంతా వినిపించిన మనిషి చర్చిలో చివరి బెంచీలో తలొంచుకుని కూర్చోవడం నేను చూడలేకపోయాను. అప్పటికి బృందాన్ని నేనే నడుపుతున్నాను. ఆ కోతల పండుగకు కీర్తనలో మూడో చరణం తర్వాత ఒక చిన్న ఖాళీ పెట్టాను. డోలక్ ఆగుతుంది, గొంతులు ఆగుతాయి, ఒక మనిషి చప్పట్లతో పాటను ముందుకు నడపాలి. సాయం పట్టి అక్కను ముందుకు తెచ్చి నిలబెట్టాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్నొకసారి చూసింది. తర్వాత తన పొట్టి చేతులతో మూడు దెబ్బల నడక మొదలుపెట్టింది. పాట అయ్యాక నన్ను దగ్గరకు పిలిచి, మెచ్చుకుంటుందనుకుంటే, చెయ్యి అటూ ఇటూ ఊపి, మేము అందుకున్న నడక తొందరైందని సైగలతోనే చీవాట్లు పెట్టింది.

అక్క పోయి రెండేళ్ళయింది. ఆ ఖాళీని మేము పూడ్చలేదు. కొత్తగా బృందంలో చేరినవాళ్ళు ఇక్కడ ఎవరు పాడాలని అడుగుతారు. ఎవరూ పాడకూడదు, అది ఎస్తేరక్క చోటు అని చెప్తాను. అక్కడికి రాగానే అందరం పాట ఆపి చప్పట్లు కొడతాం, తొందరపడకుండా.