మామ పక్కన ఖాళీ

నాకు జబ్బు చేసిందన్న సంగతి మొదట చెక్కభజనలో బయటపడింది.

నెల్లూరు జిల్లా కోట దగ్గర మా ఊళ్లో రామాలయం ముందు, సాయంత్రాలు సముద్రపు గాలి మొదలయ్యే వేళకి మా బృందం సాధన చేస్తుంది. మొత్తం ఏడు జతలం. గురువుగారు మధ్యలో నిలబడి పాడతారు. మేం ఆయన చుట్టూ అడుగులేస్తూ పాట అందుకుంటాం. ఒక్కో చేతిలో రెండు చెక్కపలకలు ఉంటాయి. ఒకదాని కడియంలో బొటనవేలు, రెండోదాని కడియంలో మిగతా వేళ్లు దూర్చి మూసి తెరిస్తే టక్కుమంటాయి, అంచులకున్న ఇత్తడి బిళ్లలు ఘల్లుమంటాయి. నా జత మా మేనమామ. రొయ్యల చెరువులు చేస్తాడు. మనిషి భారీ, అడుగు మాత్రం తేలిక.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం నా కుడిచేతి చెక్కలు జారి కిందపడ్డాయి.

"ఏందబ్బయా, మీ అమ్మ అన్నం పెట్టలేదా?" అన్నాడు మామ.

తీసి మళ్లీ తొడుక్కున్నాను. మళ్లీ జారాయి.

"చెయ్యి తిమ్మిరెక్కింది మామా."

"పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందర కూర్చుంటే ఎక్కదా మరి?"

నాయుడుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. ఏదైనా యంత్రం మొరాయిస్తే కారణాలన్నీ వరసగా రాసుకుని, ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోవడం నా పద్ధతి. నా చేతికీ అదే చేశాను. పడుకున్న తీరు, బండి హ్యాండిలు, మెడ నరం. మర్నాటికి బైకు స్టాండు తియ్యలేకపోయాను. ఆ మర్నాడు మా ఇంటి గడప మీదే కూలబడ్డాను. నా జాబితాలో కాళ్లు లేవు కాబట్టి జాబితా అక్కడితో ఆపేసి, మామ కారులో నెల్లూరు పోయాం.

పెద్ద డాక్టరు ఓపికగా చెప్పారు. గిలియన్ బారే అని ఒక జబ్బు. రోగాల మీద పోరాడాల్సిన శక్తి, దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. నరం మీదుండే పొర దెబ్బతింటుంది.

"ఇన్సులేషన్ పోయిందన్నమాట," అన్నాను.

"సరిగ్గా అంతే. చాలామందికి ఆ పొర మళ్లీ వస్తుంది. టైం పడుతుంది."

"ఎంత?"

"నెలలు."

"సుమారుగా ఎన్ని?"

ఆయన కేసు కాగితాల మీంచి తలెత్తి, "నువ్వు ఇంజినీరువా?" అన్నారు.

అప్పటికి చేతకానివి: లేవడం, నడవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఎత్తడం, నవ్వడం. చేతనైనవి: చూడటం, వినడం, మాట్లాడటం, అమ్మని విసిగించడం. నవ్వడం ఎందుకు చేర్చానంటే, మొహం కండరాలు కూడా పడిపోయాయి. మామ జోకు వేసినప్పుడల్లా అమ్మ నా మీదికి వంగి, "నవ్వినావా నాయనా? నవ్వినట్టేనా?" అని అడిగేది. అవునని నోటితో చెప్పాల్సివచ్చేది. అలా అడిగి ఒప్పించుకున్న నవ్వు ఎవరికీ తృప్తినివ్వదు.

అసలు భయం ఊపిరిది. జబ్బు ఇంకా పైకి పాకితే ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయనీ, అప్పుడు మిషను పెట్టాల్సివస్తుందనీ చెప్పారు. అందుకని డ్యూటీ డాక్టరు వచ్చినప్పుడల్లా, ఒక్క గుక్కలో ఎంతదాకా అంకెలు చెప్పగలవో చెప్పమనేది. ఆమె నాకంటే చిన్నదే అయ్యుంటుంది. పూటపూటకీ అంకె తగ్గుతోంది. ఆమె మొహం చూస్తే తెలిసిపోయేది.

ఒక ఉదయం నేను అంకెలు వదిలేసి, సాధనలో గురువుగారు నేర్పిన తకధిమిలు అందుకున్నాను. ఒక వరస మొత్తం ఒకే ఊపిరిలో అనాలి, మధ్యలో తెగిందంటే గురువుగారి చెయ్యి వీపు మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఆ దెబ్బకి భయపడి దాచుకున్న ఊపిరి ఎక్కడో ఇంకా మిగిలి ఉన్నట్టుంది, వరస చివరిదాకా వెళ్లింది.

"అంకెలు చెప్పమంటే పాట పాడతావేంది?" అంది డాక్టరు.

"ఇందులోనూ లెక్కే మేడం," అన్నాను ఆయాసపడుతూ.

ఆమె కేసు కాగితం మీద రాసుకుంటూ, "సరే, రోజూ ఇదే చెప్పు. ఇదే ఎక్కడ తెగుతుందో చూస్తా," అంది. ఇంజెక్షన్లు పనిచేశాయో, తకధిమి పనిచేసిందో తేల్చాలంటే ప్రయోగం రెండోసారి చెయ్యాలి. నాకు ఆ కోరిక లేదు. వరస తెగలేదు, మిషను రాలేదు. అది చాలు.

మామ వారానికి రెండుసార్లు వచ్చేవాడు, ప్రతిసారీ మామిడికాయ వేసిన చేపల పులుసు క్యారేజీతో. నేను మింగలేనని తెలిసినా తెచ్చేవాడు. "వాసన చూపియ్యి అక్కా, ఆ వాసనకే లేస్తాడు," అనేవాడు. తర్వాత తనే కూర్చుని తినేవాడు. ఒకరోజు తింటూ తింటూ కబురు చెప్పాడు.

"గురువుగారు నీ చోట్లో ఇంకో పిల్లోడిని పెడతానన్నాడు. వద్దన్నా."

"ఎందుకు మామా? పండక్కి కొత్త పాట గదా. జత లేకుండా ఎట్టా ఆడతావు?"

"గాలితో ఆడతా ఉండా. ఏం, నీకంటే గాలే నయం, కాలు తొక్కదు."

"ఊరుకున్నాడా గురువుగారు?"

మామ ముల్లు తీస్తున్నట్టు తలవంచుకున్నాడు. "సాధనకి ఊరుకుంటాడంట. శ్రీరామనవమి నాడు మాత్రం సగం జత వలయంలో నిలబడకూడదన్నాడు. నువ్వు లేస్తే ఇద్దరం, లేవకపోతే ఇద్దరం లేము. సరే అన్నా."

తన పెళ్లికి ముందునుంచీ మామ ఆ వలయంలో ఉన్నాడు. రొయ్యలకి తెగులొచ్చి చెరువు మొత్తం పోయిన ఏడు కూడా నవమి తప్పలేదు. ఆ పూట ఆయన పులుసు తింటుంటే చూస్తూ ఉండిపోయాను. నా కాళ్ల సంగతి అప్పటిదాకా నాది. ఇప్పుడు వాటి మీద ఇంకో మనిషి కూడా నిలబడి ఉన్నాడు, అదీ మామంత బరువున్న మనిషి.

ఇంటికి తీసుకొచ్చాక అసలు పని మొదలైంది. నెల్లూరు నుంచి వచ్చే ఫిజియోథెరపీ అక్క కండరాలకి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసేది. నా కుడి బొటనవేలికి ఒకటి. ఎడమ పాదానికి సున్నా. చదువుకున్న రోజుల్లో ఎప్పుడూ తెచ్చుకోని మార్కులు. మామ నా చెక్కలు తెచ్చి, బరువు తగ్గుతుందని ఇత్తడి బిళ్లలన్నీ ఊడదీశాడు. అమ్మ పాత చీర అంచు చించి వాటిని నా వేళ్లకి కట్టింది. మొదట్లో అవి మూసుకునేవి కావు. ఒకరోజు మంచం మీద పడుకుని ఉండగా టక్కుమన్న చప్పుడు వినిపించింది, బల్లి అనుకున్నాను. నా చెయ్యే.

"అక్కా, దీనికి ఎన్ని మార్కులు?" అన్నాను ఫిజియో అక్కతో.

"రెండు. ఆ చెక్కల్ని మాత్రం వదలొద్దు, నేను చెప్పే ఎక్సర్‌సైజుల్ని ఎట్టాగూ సగం ఎగ్గొడతావు గదా," అంది.

కొత్త పాట నేను వీడియోల్లోనే నేర్చుకున్నాను. సాధన ఉన్న సాయంత్రాలు అమ్మ రామాలయానికి పోయి ఫోన్లో తీసుకొచ్చేది. వీడియోలో ఒక మూల ఎప్పుడూ అమ్మ మొహం సగం ఉండేది. "ఇదిగో నాయనా, మీ మామ చూడు, ఒక్కడే ఎట్టా తిరుగుతుండాడో," అంటూ వ్యాఖ్యానం. వెనకాల వలయం. అందులో మామ, మామ పక్కన ఖాళీ. జతలు తిరిగే చోట మామ తిరిగి, నా కోసం అర తాళం ఆగి, మళ్లీ కదిలేవాడు. గాలి కోసం అలా ఎవరూ ఆగరు. అది చూసినప్పుడల్లా నేను చెక్కలు అందుకునేవాణ్ణి.

ఆ పాటని ముక్కలుగా విడగొట్టుకున్నాను. ఏ మాట దగ్గర ఏ చెయ్యి, ఏ కాలు, ఎటు తిరుగుడు. చేతులు మంచం మీదే ఆడేవి, కాళ్లు మనసులో ఆడేవి. వలయం ఎడమవైపు తిరగడం చూసి కొంచెం ఆశ్చర్యం వేసింది. ఎప్పుడూ ప్రదక్షిణంగా, కుడికే తిరుగుతాం. ఈ వయసులో గురువుగారు ప్రయోగానికి దిగారు కాబోలు, మెచ్చుకోవాలి అనుకున్నాను.

వాకర్ నుంచి చేతికర్ర దాకా వచ్చాను. ఎడమ పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ ఒకటి బూటులో వేసుకున్నాను. నవమికి వారం ముందు, మామ బండి వెనక కూర్చుని సాధనకి పోయాను. వలయం జరిగి నా చోటు చూపించింది. కర్ర అరుగుకి ఆనించి నిలబడ్డాను. గురువుగారు పాట ఎత్తారు. అందరూ కుడివైపు కదిలారు, నేను ఎడమకి. మామ పొట్ట నన్ను ఆపింది.

"యాడికిరా అల్లుడా?"

"నువ్వు యాడికి మామా? ఈ పాటకి ఎడమకి గదా!"

"ఎవురు చెప్పినారు?"

ఫోన్ తెచ్చి చూపించాను. పద్నాలుగు తలలూ ఆ తెర మీదికి వంగాయి. వీడియోలో మామ వాచీ కుడిచేతికి ఉంది. పక్కనున్న మామకి ఎడమచేతికి ఉంది. అమ్మ సెల్ఫీ కెమెరాతో తీసింది. నాతో మాట్లాడుతూ తీస్తుంటే తన మొహం తనకి కనబడాలిగా. ఆ ఫోను వీడియోని అద్దంలో చూపించినట్టే తిరగేసి దాచింది. కొన్ని నెలలపాటు, ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు, పాట మొత్తం కుడి ఎడమలు తారుమారుగా బట్టీపట్టాడు.

అరుగు మీంచి అమ్మ, "మొహం కనపడాల్నా వద్దా? బిడ్డకి చూపించేటప్పుడు!" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అప్పటికి నా నవ్వు సగం మొహం దాకా వచ్చింది, ఇంకెవరూ అడిగి ఒప్పించుకోవాల్సిన పని లేదు.

గురువుగారు మాత్రం నవ్వలేదు. నన్ను ఒక తిరుగుడు తిరిగి చూపించమన్నారు. నడక సర్దుకోవడం తేలికే, మామ వీపు పట్టుకుని పోతే చాలు. తిరుగుడు మాత్రం మారలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఒళ్లు ఎడమకే పోతోంది. కుడికి తిప్పితే పట్టీ వేసిన కాలు మెలికపడుతోంది.

"నువ్వు మార్చుకోలేవు," అన్నారు చివరికి. మామ వైపు తిరిగి, "మార్చుకోవాల్సింది నువ్వు. మిగతా జతలు వీపు వీపు కలుపుతాయి. మీరిద్దరూ మొహం మొహం చూసుకోండి," అన్నారు.

"వీడి మొహమా సామీ? పండగ పూట?" అన్నాడు మామ. ఆ వారం రోజులూ ఆయన రొయ్యల చెరువు గట్టు మీద, మేత చల్లే మనుషుల ముందు, ఎడమకి తిరగడం ప్రాక్టీసు చేశాడని తర్వాత తెలిసింది.

నవమి నాడు పందిట్లో పానకం, వడపప్పు పంచుతుండగా పాట మొదలైంది. మొదటి చరణం బాగా నడిచింది. తిరుగుడు దగ్గర మిగతా జతలు వీపులు కలిపాయి, మామ నాకు ఎదురుగా వచ్చాడు. చెమట, గంధం బొట్టు, కళ్లు మాత్రం నా కాళ్ల మీద. మూడో చరణంలో ఎడమ మోకాలు వదిలేసింది. అది వదలకముందే మామకి తెలిసింది. వీపు తిప్పి ఉంటే ఎలా తెలిసేది? నా చెక్కల కిందికి తన చెక్కలు ఆనించి, తాళం తప్పకుండా ఎత్తిపట్టాడు. చూసేవాళ్లకి అదొక కొత్త అడుగు అనిపించి ఉంటుంది. పాట అయిపోయేదాకా అలాగే ఆడాం.

రెండో పాటకి నావల్ల కాలేదు. కుర్చీలో కూలబడ్డాను. మామ కూడా చెక్కలు విప్పబోయాడు. మాట అంటే మాట.

గురువుగారు పాట ఎత్తబోయి ఆగారు. "నువ్వు ఎందుకు విప్పుతుండావు?"

"సగం జత నిలబడకూడదన్నారు గదా."

"నీ జత నిలబడినాడు, నేను చూసినా. ఇప్పుడు కూర్చుని ఉండాడు, అంతే. ఆడు."

మామ వలయంలోకి పోయాడు. నేను కుర్చీలోంచే చెక్కలు అందుకున్నాను. బిళ్లలు మళ్లీ బిగించలేదు కాబట్టి నా చప్పుడు బోసిగా, అందరిలో వేరుగా వినబడుతోంది. తిరుగుడు వచ్చింది. మామ ఈసారి అందరిలాగే కుడికే తిరిగాడు, అర తాళం ఆగాడు, కుర్చీ వైపు చూసి, "తాళం లాగుతుండావురా!" అని అరిచాడు.

అర తాళం ఆగి లాగుతున్నది ఆయనే. పాట ఆపి వాదించే ఊపిరి నాకింకా రాలేదు కాబట్టి ఊరుకున్నాను.